పటం గీసి భాగాలు గుర్తించండి

కళల మీద, కళాకారుల మీద తెలుగులో పుస్తకాలే లేవని కొందరు తరచూ వాపోతుంటారు. ఇది అపనింద. పిల్లలకు వేరుగా, పెద్దలకు వేరుగా మనకు ఆ పుస్తకాలు ఉన్నాయి. కాకపోతే వాటిలో బొమ్మలు కనబడవు. దాన్ని లోపం అనకూడదు, విధానం అనాలి. బొమ్మ చూస్తే చదువరికి సొంత అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది. అభిప్రాయానికి మార్కులు వేయడం ఎవరి తరం?

ముందు పిల్లల సంగతి. తెలుగు పిల్లవాడు శ్రద్ధగా చూసి, గీసి, చెరిపి, మళ్ళీ గీసే మొదటి చిత్తరువు అమీబాది. తర్వాత మందార పువ్వు నిలువుకోత, ఆపైన మనిషి గుండె. పెన్సిలు సన్నగా చెక్కాలి, నీడలు వేయకూడదు, భాగాల పేర్లు ఒక పక్కనే వరుసగా రాయాలి. అమీబాకు నిర్దిష్టమైన ఆకారం లేదని అదే పాఠం మొదటి పేరాలో ఉంటుంది. అయినా మాస్టారు బోర్డు మీద వేసిన ఆకారానికి తేడా వస్తే అర మార్కు పోతుంది. కళావిమర్శలో ఇంతకంటే గట్టి శిక్షణ ఏ దేశంలోనూ ఇవ్వరని నా నమ్మకం.

డ్రాయింగ్ పీరియడ్ లేదా అంటే, ఎందుకు లేదు, టైంటేబుల్లో ఉంది. ఆ గంటలో లెక్కల మాస్టారు వచ్చి మిగిలిపోయిన త్రికోణమితి పూర్తి చేస్తారు. త్రికోణాలూ గీతలే కదా.

ఇక బజారులో దొరికే రంగుల పుస్తకం. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కొండల సందులోంచి నది, ఒడ్డున ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరి చెట్టు. ఎడమ పేజీలో రంగులు నింపి ఉంటాయి, కుడి పేజీ ఖాళీ. ఎడమ చూసి కుడి నింపాలి. కొండకు ఎర్ర రంగు పూసే పిల్లలను ఈ దశలోనే గుర్తించి దారిలో పెట్టవచ్చు. ముదిరితే కష్టం.

ఈ కట్టుదిట్టమైన ఏర్పాటుకు ఒకసారి పెద్ద గండి పడింది. 1947లో మద్రాసు నుంచి చందమామ బయలుదేరింది. ఏ విద్యా కమిటీనీ అడగకుండా చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వంటి వారి బొమ్మలను నెలనెలా పిల్లల చేతుల్లో పెట్టేసింది. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ బొమ్మలో చూసిన పిల్లలు భయపడ్డారు, మళ్ళీ చూశారు, ఎందుకు చూస్తున్నారో ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. పాపయ్య గారైతే మరీను. ఆకాశానికి నీలమే వేయాలన్న నియమం పెట్టుకోకుండా, మూలన ‘వపా’ అని సంతకం చేసి ఊరుకునేవారు. ఆ రెండక్షరాల వెనక ఉన్న మనిషిది శ్రీకాకుళం అనీ, పుట్టింది 1921లో అనీ కంఠస్థం చేయకుండానే ఎన్నో ఇళ్ళలో పిల్లలు ఆ ముఖచిత్రాలను కళ్ళారా చూసేశారు. తేదీ తెలియకుండా బొమ్మ చూడడం ఎంత విశృంఖలమో వేరే చెప్పాలా! అదృష్టవశాత్తు ఆ పత్రిక ఆగిపోయింది.

బతికున్న చిత్రకారులను పిల్లలకు పరిచయం చేయడంలో చిక్కులు వేరు. లక్ష్మా గౌడ్ గారి చిత్రాల్లో మేకలుంటాయి, చెట్లుంటాయి, వాటితోపాటు ఆడామగా కూడా ఉంటారు. మేకల వరకు చూపించి పుస్తకం మూసేయవచ్చని ఒక మధ్యేమార్గం నాకు తోస్తోంది. ప్రచురణకర్తలు పరిశీలించాలి.

పెద్దల పుస్తకాలు రెండు రకాలు. మొదటిది హాల్లో టీపాయ్ మీద ఉండే రకం. బరువైనది, ఇంగ్లీషులో ఉంటుంది, పైన ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంటుంది. వచ్చినవారు దాన్ని చూడాలి, తెరవకూడదు. తెరిస్తే కాఫీ పడుతుంది.

రెండోది మన సొంత సృష్టి, అభినందన సంచిక. చిత్రకారుడికి డెబ్బై నిండాక గాని దీనికి అర్హత రాదు. ముందు మంత్రుల సందేశాలు, పిదప ఆయన మీద పద్యాలు, అటుపైన ‘నేనెరిగిన’ అని మొదలయ్యే వ్యాసాలు. ఆ వ్యాసాల్లో రాసినవారి జీవిత విశేషాలు సమగ్రంగా దొరుకుతాయి. మధ్యలో నునుపు కాగితం మీద రంగుల పేజీలు వస్తాయి. ఆ రంగులన్నీ శాలువాలవి. చిత్రాలు ఎక్కడని వెదికితే చిట్టచివర, ప్రకటనలకు ముందు, పేజీకి ఆరు చొప్పున, నలుపు తెలుపుల్లో తగులుతాయి. ఏది పైవైపో కింద రాసి ఉంటే బాగుండేది.

అయితే నా దృష్టిలో తెలుగులో వచ్చిన సర్వోత్తమ కళాగ్రంథం ఇవేవీ కావు. పోటీ పరీక్షల గైడు. పిల్లలూ పెద్దలూ ఒకే తపనతో చదివేది అదొక్కటే. దామెర్ల రామారావు గారిని తీసుకోండి. రాజమండ్రిలో 1897లో పుట్టి, అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజే చిత్రకళా స్కూలులో చదివి, ఊరికి తిరిగొచ్చి తోటివారికి నేర్పి, 1925లో మశూచి సోకి ఇరవై ఏడేళ్ళకే పోయిన మనిషి. గైడు ఆయన్ను నాలుగు జవాబుల ప్రశ్నగా ఒక్క వరుసలో సర్దేసింది. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఉన్నాయి, నిజమే. కానీ పరీక్షకు కూర్చునే యువకుడు అక్కడికి వెళ్ళి ఒక బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడ్డాడనుకోండి, ఆ పూట చదవవలసిన బిట్ల గతేమిటి?

చేర్యాల పటాలకూ గైడులో ఇదే మర్యాద దక్కింది. పూర్వం ఆ పటాలు వేసే నకాషీ చిత్రకారులు చింతగింజల అంబలి, సుద్ద కలిపి బట్టకు పట్టించి, ఎర్రటి నేల మీద కులపురాణాలు గజాల కొద్దీ చిత్రించేవారు. కథకులు ఆ చుట్టను ఊళ్ళో రాత్రిపూట విప్పుతూ, ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడేవారు. ముసలివాళ్ళూ చంటిపిల్లలూ ఒకేచోట కూర్చుని ఒకే బొమ్మ చూసేవారు. ఎవరికి ఏ తరగతి పుస్తకం అనే విచక్షణ లేదు, చివర ప్రశ్నలు లేవు. నిద్ర వచ్చిన పిల్లవాడు సగం కథకే పడుకునేవాడు, వాణ్ణి ఎవరూ ఫెయిల్ చేయలేదు. అంతటి అరాచకాన్ని గైడు ‘చేర్యాల ఏ జిల్లాలో ఉంది’ అన్న ఒక్క ప్రశ్నతో అదుపులో పెట్టింది.

2016లో చిన్న ఇబ్బంది వచ్చిన మాట వాస్తవం. అంతవరకు వరంగల్ అని రాస్తే మార్కు వచ్చేది. జిల్లాలు విడగొట్టాక జవాబు సిద్దిపేట అయింది. పాత గైడు కొన్నవారు ఇప్పటికీ మోసపోతున్నారు గనక కొత్త ముద్రణలో ఆ వరుస సరిచూసుకోవాలి. బొమ్మ ఉన్న పేజీకి మాత్రం ఏ సవరణా అవసరం లేదు, ఆ పేజీ పాత దానిలోనూ లేదు.