అడుగుకో మొక్క నాటితే మూడింతల టమోటా రాదు

పలమనేరు, వి.కోట వైపు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. రెండడుగుల సాళ్లు వేసి అడుగుకో మొక్క నాటాలట, వారానికో బస్తా యూరియా వేయాలట, పూత రాలితే ఇంకో బస్తా. ఎకరాకు మూడింతల దిగుబడి గ్యారంటీ అట. ఇది నమ్మి మా చిన్నాన్న నారుకు అడ్వాన్స్ ఇవ్వబోయాడు. అందుకే రాస్తున్నాను.

మొదట మొక్కల లెక్క. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. నాలుగడుగుల సాళ్లలో అడుగున్నరకో మొక్క పెడితే 7,260 పడతాయి. మెసేజ్‌లో చెప్పినట్టు నాటితే 21,780. మొక్కలు మూడింతలైన మాట నిజమే, నారు ఖర్చూ మూడింతలే. కాయలు మాత్రం ఆ లెక్కన పెరగవు. ఎకరా మీద పడే ఎండ అంతే, వేళ్లకు దొరికే మట్టి అంతే. మరీ ఎడంగా ఉన్న తోటలో కాస్త దగ్గర చేస్తే దిగుబడి పెరుగుతుంది, కాదనను. ఒక హద్దు దాటాక ఒక్కో మొక్కకు కాయలు తగ్గుతాయి, కాయ సైజు పడిపోతుంది. మండీలో సైజు చూసే కదా రేటు పాడేది! గోళీ కాయల బాక్సులు ఎన్ని దింపినా కూలి కూడా రాదు.

ఇంకో నష్టం గాలి ఆడకపోవడం. కట్టెలు కట్టి పైకి పాకించే హైబ్రిడ్ రకాలు గుబురైపోతే వాన పడ్డాక ఆకు తడి ఆరదు. ఆకుమాడు తెగులుకు కావలసింది అదే. మందు కొట్టినా లోపలి ఆకులకు అందదు. గుబురుగా పెరగని పొట్టి రకాలను కొంత దగ్గరగా నాటవచ్చు, అంతే.

యూరియా సంగతి. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. పన్నెండు వారాలకు 248 కిలోలు. హైబ్రిడ్‌కైనా ఇది అవసరానికి రెండింతలు దాటిన మోతాదు. చెట్టు ముదురు పచ్చగా, ఏపుగా కనిపిస్తుంది, పూత ఆలస్యమవుతుంది. లేత ఆకుకు రసం పీల్చే పురుగులు ఎగబడతాయి. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ కూడా వాటిలో ఒకటి. నత్రజని ఎక్కువైన తోటలో కాయకు కాల్షియం సరిగా అందదు, నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ పెడితే కాయ అడుగు భాగం నల్లబడి కుళ్లుతుంది. పైగా మన ఎర్ర నేలల్లో వేసిన నత్రజనిలో చాలా భాగం నీళ్లతో కిందికి దిగిపోతుంది. అందుకే తక్కువ తక్కువగా, విడతలుగా ఇవ్వాలి.

టమోటా నత్రజని కంటే పొటాష్ ఎక్కువ తీసుకునే పంట. మెసేజ్‌లో పొటాష్ పేరే లేదు!

పూత రాలితే యూరియా వేయమనడం మరీ అన్యాయం. ఎండాకాలంలో పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పిందె పట్టదు. ఆ వేడిని యూరియా తగ్గించలేదు. అప్పుడు నత్రజని ఆపి, తడి తగ్గకుండా చూసుకోవాలి. మా చిన్నాన్న నారు 7,500 మొక్కలకే చెప్పాడు, ముందు మట్టి పరీక్షకు ఇచ్చి వచ్చాడు.