అక్కడికెందుకు వెళ్లిందట!

ఇప్పుడే ఒక పెద్దమనిషితో మాట్లాడి ఫోన్ పెట్టేశాను. ఇంకా ఒళ్లు మండిపోతోంది. జహ్రా కజెమీ గురించి చెబుతుంటే మధ్యలోనే అందుకుని "అసలు జైలు ముందు ఫోటోలు తీయడమెందుకండీ?" అన్నాడు. అంతే, ఆయన లెక్కలో కేసు కొట్టేసినట్టే.

ఎందుకంటే ఆవిడ ఫోటో జర్నలిస్టు స్వామీ! ఇరాన్ ప్రభుత్వమే ఇచ్చిన ప్రెస్ కార్డు ఉంది. 2003 జూన్‌లో టెహ్రాన్‌లోని ఎవిన్ జైలు బయట, లోపలున్న తమవాళ్ల కోసం వచ్చిన కుటుంబాలను ఫోటో తీసింది. పట్టుకుపోయారు. మూడు వారాలు తిరక్కుండానే చనిపోయింది. మొదట స్ట్రోక్ అన్నారు. ఏ దేశం కస్టడీలోనైనా ఇంతే కదా, నిక్షేపంగా ఉన్న మనిషికి గేటు దాటగానే లేని రోగాలన్నీ పుట్టుకొస్తాయి! కొద్దిరోజులకి వాళ్ల ఉపాధ్యక్షుడే దెబ్బల వల్ల మెదడులో రక్తస్రావమైందన్నాడు. మరి కొట్టిందెవరు? ఒక ఇంటెలిజెన్స్ ఉద్యోగిని బోనెక్కించి, 2004లో నిర్దోషి అని పంపేశారు. తల్లి శవాన్ని కెనడా పంపమని కొడుకు మొత్తుకుంటుంటే షిరాజ్‌లో పాతిపెట్టేశారు.

సరే, ఇరాన్ సంగతి తెలిసిందే. నా మంటంతా కెనడా మీద. ఆవిడ కెనడా పౌరురాలు కూడా. కొడుకు దావా వేస్తే 2014లో అక్కడి సుప్రీంకోర్టు, విదేశీ ప్రభుత్వానికి చట్టం రక్షణ ఇస్తోంది, మేం విచారించలేం అంది. ఏడుగురు జడ్జీల్లో ఒక్క రోజలీ అబెల్లా మాత్రం కనీసం అధికారుల మీదైనా కేసు నడవనివ్వాలన్నారు. తమాషా ఏంటంటే, ఆ చట్టంలో వ్యాపార లావాదేవీలకు మినహాయింపు ఉంది. జహ్రా ఇరాన్ సర్కారుకి కెమెరాలు అమ్మి, బిల్లు రాకపోయుంటే దావా భేషుగ్గా నడిచేది. చచ్చిపోయింది కాబట్టి కుదరదు!

అసలు నాకు ఇంకా చల్లారనిది 2006 నాటి సంగతి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి జెనీవాలో మొట్టమొదటిసారి సమావేశమైతే, ఇరాన్ తన బృందంలో ఎవర్ని పంపిందో తెలుసా? ఈ కేసులో మొదట్నుంచీ పేరు నానిన టెహ్రాన్ ప్రాసిక్యూటర్ సయీద్ మోర్తజవీని! మానవ హక్కుల మీద మాట్లాడటానికి! దారిలో పట్టుకోమని కెనడా జర్మనీని బతిమాలింది. ఆయన దర్జాగా ఇంటికెళ్లిపోయాడు. పక్క దేశం వాళ్లు మాత్రం అరెస్టు చేయాలి. తమ సొంత సుప్రీంకోర్టులో ఆ కొడుకు నిలబడితే, ఆ చట్టం చెల్లుతుందని వాదించింది కెనడా ప్రభుత్వ లాయర్లే.