పొట్టేలు కూర అంటే ఎవరు కాదంటారు?

వండిన కూర ముక్కతో కూడా అది ఏ జంతువో డీఎన్‌ఏ పరీక్ష చెప్పేస్తుందని మీ వ్యాసంలో రాశారు. మాది కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర పల్లె. మా పక్క కృష్ణజింకలు ఎక్కువ. పైరు మేసి పోతాయని రైతులకు వాటి మీద కోపం, అదీ న్యాయమే. దాన్ని అడ్డం పెట్టుకుని ఉచ్చులు వేసేవాళ్లు వేరే. తోలు, కొమ్ములు, గిట్టలు రాత్రికి రాత్రే పూడ్చేస్తారు. పొద్దునకి గిన్నెలో మసాలా పట్టిన ముక్కలే మిగులుతాయి. "పొట్టేలు సార్" అంటే ఇంకేం అంటాం!

ఇక్కడే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ పనికొస్తుంది. కణంలో కేంద్రకం డీఎన్‌ఏ రెండు ప్రతులే, ఇదైతే వందలు, వేలు. అందుకే బాగా ఉడికినా చాలాసార్లు కొంత మిగులుతుంది. అందులోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో చిన్న తునక దొరికితే చాలు, పోల్చి చూసి తేల్చేస్తారు. హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల వన్యప్రాణుల ల్యాబ్ లాకోన్స్ చాలా ఏళ్లుగా చేస్తున్న పనే ఇది.

ఒక్కటి మీరు వదిలేశారు. శాంపిల్‌ను శవాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. ఆల్కహాల్‌లో వేయాలి, లేదా ఫ్రీజర్‌లో పెట్టాలి. కృష్ణజింకను చంపితే కనీసం మూడేళ్ల జైలు. అంత పెద్ద కేసుకి ఆ సీసాలో ఏం పోశారో పంచనామాలో రాస్తున్నారా?