గోళీ ఇంజినీరింగు

మా ఇంట్లో సోఫా కింద పదకొండు గోళీలు ఉన్నాయి. గోళీలాడే వయసు పిల్లలు మా ఇంట్లో లేరు. అవన్నీ పునాది నిపుణులు వదిలివెళ్లినవి.

పాత పేట, కింద రేగడి నేల, గోడకు బీట. ఈ మూడూ ఉన్నవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీ సోఫా కింద కూడా ఒకసారి వంగి చూసుకోండి. తక్కినవారి కోసం పద్ధతి వివరిస్తాను. నిపుణుడు వస్తాడు. కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పాకిన బీటలో చిటికెన వేలు దూర్చి కళ్లు మూసుకుంటాడు. ఎందుకని అడగకూడదు, నాడి చూసే వైద్యుణ్ణి అడుగుతామా? తర్వాత జేబులోంచి గోళీ తీసి గది నడుమ పెడతాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబడతాం. గోళీ ఒక్క క్షణం తటపటాయించి, కదిలి, వేగం పుంజుకుని, సోఫా కిందుగా వీధివైపు మూలకు పోయి గోడకు టక్కున తగులుతుంది. నిపుణుడు తల పైకెత్తి, దగ్గరివాళ్లు పోయిన కబురు చెప్పే గొంతుతో, "ఆ మూల దిగిపోయిందండీ" అంటాడు.

మొదటాయన అన్నప్పుడు బెంబేలెత్తాం. మూడో ఆయన వచ్చేసరికి కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆరో ఆయనకు మా అమ్మ ముందే చెప్పేసింది: "నీ గోళీ కూడా అక్కడికే పోతుంది నాయనా, శ్రమపడకు." అయినా తీశాడు. వృత్తిధర్మం. ఎనిమిదో ఆయన ఏకంగా కంప్యూటర్ తెచ్చాడు. అందులో మా ఇల్లు రంగురంగుల బొమ్మై గిరగిరా తిరిగింది, మేము మురిసిపోయాం. బొమ్మ తిరగడం అయిపోయాక ఆయనా గోళీ తీశాడు. తొమ్మిదో ఆయన పాపం మరిచిపోయి వచ్చాడు. సోఫా కిందినుంచి ఒకటి అరువిచ్చాం. ఇల్లు తెలిసిన గోళీ కదా, అందరివాటికంటే తొందరగా వెళ్లింది.

పన్నెండు మంది వచ్చారు, పన్నెండు మందిదీ ఒకటే తీర్పు. మూల దిగింది, పైల్స్ వేయాలి, అంటే పునాది కింద నేలలోకి లోతుగా స్తంభాలు దించాలి. "మనుషులకే అనుకున్నాను, ఇళ్లకూ వస్తాయా?" అంది అమ్మ.

గోళీకి తెలిసినది ఒక్కటే, పల్లం ఎటు ఉందన్నది. ఆ మూల దిగిందా, లేక ఎదుటి మూల లేచిందా అంటే అది చెప్పలేదు. దాన్ని నేను తప్పు పట్టను, అది చదువుకోలేదు.

రేగడి లేస్తుంది కూడా. అందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఫ్రాన్సులోని మాంట్‌మొరిల్లాన్ అనే ఊరి పేరే దానికి పెట్టారు. కంటికి కనబడనంత పలచని రేకులు పుస్తకంలో కాగితాల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. వానకు ఆ కాగితాల మధ్యకు నీరు చేరి పుస్తకం ఉబ్బుతుంది. ఎండకు ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. ఇంటి నడిమి కింద తడి పెద్దగా మారదు, నానేవీ ఆరేవీ అంచులే. ఈ ఉబ్బూ ముడుచూ చాలాచోట్ల 3 మీటర్ల లోతు దాటి కూడా సాగుతాయి. పాత ఇళ్ల పునాదులు చాలావాటికి 1 మీటరు లోతు కూడా ఉండదు. కాబట్టి గోడ పగిలినప్పుడు ముందుగా అడగవలసినది నీటి సంగతి. ఎక్కడ ఎక్కువైంది, ఎక్కడ తక్కువైంది? పన్నెండు మందిలో ఒక్కరూ ఈ ముక్క అడగలేదు.

అడిగినవాడు కుళాయి బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు. పెరటి మూలన నిలబడి, "ఇంత ఎండల్లో ఇక్కడొక్కచోటే గడ్డి పచ్చగా ఉందేమిటండీ?" అన్నాడు. తవ్వితే స్నానాల గది మురుగు గొట్టం అతుకు వదిలి ఉంది. ఎన్నేళ్లనుంచో మేము పోసుకున్న నీళ్లన్నీ తాగి ఆ మూల నేల బలిసి, ఇంటిని భుజానికెత్తుకుంది. గొట్టం మార్చాం. బీటకు అటూ ఇటూ పెన్సిలు గీతలు గీసి, తేదీలు వేసి ఏడాదిపాటు కొలిచాను. నిపుణుల చిటికెన వేలు పట్టిన చోట ఇప్పుడు పోస్టుకార్డు పట్టడమే కష్టం. ఆ కుర్రాడి జేబులో గోళీ లేదు. అందుకే అతణ్ణి ఎవరూ నిపుణుడు అనరు.

ఎదుటి వైపు చూడాలన్న ఆలోచన మరీ కొత్తదేమీ కాదు. 1173లో మొదలెట్టిన పీసా గోపురం మెత్తటి నేలలో ఒక పక్కకు ఒరిగింది. 1934లో దాని పునాదిలోకి రంధ్రాలు వేసి సిమెంటు ఎక్కించారు, ఇంకాస్త ఒరిగింది. 1990లో సందర్శకులకు మూసేసి, దాదాపు పదేళ్లు తలలు పట్టుకుని, చివరికి ఒరగని వైపు అడుగున మట్టిని కొంచెం కొంచెంగా లాగేశారు. గోపురం కాస్త నిటారు అయింది. ఇక్కడ మావాళ్లు ఇంకా 1934లోనే ఉన్నారు.

మా వీధి చివరాయన మరీ తెలివైనవాడు. తప్పంతా చెట్టుదేనని తీర్మానించి నలభై ఏళ్ల చెట్టును ఒక్క పూటలో కొట్టించాడు. అది రోజూ తాగే నీళ్లు ఇప్పుడు నేలలోనే ఉండిపోతున్నాయి. మూడేళ్లుగా ఆయన హాలు గచ్చు పైకి లేస్తూనే ఉంది.

మాకు మూడిళ్ల అవతల ఒక రిటైరైన టీచరుగారు ఒంటరిగా ఉంటారు. ఆవిడ ఇంట్లోనూ గోళీ దొర్లింది. గుంట తవ్వి పునాది చూడలేదు. మట్టి నమూనా తీయలేదు. బయట కదలని గుర్తుతో పోల్చి మట్టాలు కొలవలేదు. పరీక్ష ఉచితం అని బోర్డు పెట్టుకున్నవాళ్లు, పైల్స్ అమ్ముకుని బతికేవాళ్లు, రోగమూ వాళ్లే చెప్పారు, మందూ వాళ్లే అమ్మారు. ముప్పై ఐదేళ్లు నిలబడి పాఠం చెప్పి దాచుకున్న డబ్బు పట్టుకుపోయి వీధివైపు మూలకు మాత్రం పైల్స్ దించారు. పైల్స్ చెడ్డవని నేను అనను. తడి మారని లోతుదాకా దించి ఇల్లంతా వాటిమీద నిలిపితే నిలుస్తుంది. ఒక్క మూలకు మేకు కొట్టి తక్కిన ఇంటిని రేగడికి వదిలేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలియదా? తెలుసు. తెలిసే చేశారు. ఇది పొరపాటు కాదు, ముసలామె ఇంట్లో పట్టపగలు చేసిన దోపిడీ. చేతిలో ఒక హామీపత్రం పెట్టి వెళ్లారు. జీవితకాల హామీ అట. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: నేలలో తేమ మార్పుల వల్ల వచ్చే బీటలకు ఇది వర్తించదు. రేగడిలో మరి దేనివల్ల వస్తాయిరా బీటలు?

ఎండలు ముదిరేసరికి, మేకు కొట్టిన మూల అలాగే ఉండి తక్కిన ఇల్లు దిగింది. హాలు నడుమ కొత్త బీట విచ్చింది. ఆవిడ నాలుగుసార్లు ఫోను చేస్తే మొన్న మనిషిని పంపారు. అతను జేబులోంచి గోళీ తీసి గది నడుమ పెట్టాడు. ఈసారి అది పెరటివైపు మూలకు పోయింది.

"ఆ మూల కూడా దిగిపోయిందమ్మా" అన్నాడట.