చూసి వెళ్లినవాళ్లు, చేసి చూసినవాళ్లు

బడులు తెరిచే జూన్ నెలలో నల్ల బూట్ల కోసం బాటా షాపు మెట్లెక్కిన జ్ఞాపకం తెలుగు మధ్యతరగతి ఇళ్లలో చాలామందికి ఉంటుంది. తొమ్మిదితో ముగిసే ధర కనిపిస్తే ‘బాటా రేటు’ అని నవ్వుకుంటాం. ఇంతగా అలవాటైన పేరును మన దేశపు కంపెనీ అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ దాని పుట్టిల్లు చెక్ దేశంలోని జ్లీన్ అనే ఊరు. పని నేర్చుకున్న బడి అమెరికాలో ఉంది.

చెప్పులు కుట్టే కుటుంబంలో పుట్టిన తోమాష్ బాటా 1904లో ముగ్గురు పనివాళ్లను వెంటబెట్టుకుని మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణానికి వెళ్లాడు. అప్పట్లో బూట్ల తయారీకి అది పేరుమోసిన ఊరు. అప్పటికే సొంత వ్యాపారం ఉన్న మనిషి అక్కడ మామూలు కూలీగా యంత్రం ముందు నిలబడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ వెళ్లి ఫోర్డ్ కార్ల కర్మాగారాన్ని చూశాడు. పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి వరుసలో చేయించే ఆ పద్ధతిని జ్లీన్‌కు తెచ్చి బూట్లకు పెట్టాడు. 1922లో దేశం ఆర్థిక ఇబ్బందుల్లో ఉంటే తన బూట్ల ధరలను ఒక్కసారిగా సగానికి తగ్గించాడు. 1930లలో కలకత్తా దగ్గర బాటానగర్ వెలిసింది. 1939లో అదే కంపెనీ అమెరికాలోని మేరీలాండ్‌లో, బెల్‌క్యాంప్ అనే చోట, జ్లీన్ నమూనాలో కర్మాగారం కట్టింది. శిష్యుడి వారసులు గురువుగారి వాకిట్లోనే దుకాణం తెరిచారన్నమాట.

చెక్‌లకూ అమెరికన్లకూ మధ్య సంబంధమంటే పత్రికలు సాధారణంగా రాజకీయాలతో మొదలుపెడతాయి. 1918లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చెక్, స్లొవాక్ వలసవాసుల ఒప్పందం, అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మద్దతు, చెకోస్లొవేకియా పుట్టుక. అవీ ముఖ్యమే. అయితే ఆ దేశపు మొదటి అధ్యక్షుడి సంతకంలోని ఒక అక్షరం నాకు ఆ ఒప్పందాలన్నిటికన్నా ఆసక్తికరంగా కనిపిస్తుంది. తోమాష్ మసారిక్ 1878లో బ్రూక్లిన్‌కు చెందిన షార్లెట్ గారిగ్‌ను పెళ్లాడి, భార్య ఇంటిపేరును తన పేరు మధ్యలో చేర్చుకున్నాడు. జీవితాంతం ‘టి.జి. మసారిక్’గానే ఉన్నాడు. ఆ కాలపు మగవాడు, అందులోనూ పండితుడు, చేసిన పని అది. మన అభ్యుదయ కుటుంబాల్లో కూడా ఇప్పటికీ అరుదే.

నా వాదన ఇంతే. రెండు జాతుల మధ్య ఏదైనా నిలిచేది ఒకరి పనిలో మరొకరు చేయి పెట్టినచోట. చూసి మెచ్చుకుని వెళ్లినవాళ్ల వల్ల కబుర్లు మిగులుతాయి, అంతే.

చెక్ స్వరకర్త ఆంటోనిన్ ద్వోర్జాక్ సంగతి చూడండి. జెనెట్ థర్బర్ అనే సంపన్న మహిళ న్యూయార్క్‌లో తాను స్థాపించిన నేషనల్ కన్సర్వేటరీ అనే సంగీత పాఠశాలకు సారథిగా ఆయనను పిలిపించింది. ఏడాదికి 15 వేల డాలర్ల జీతం. 1892 సెప్టెంబరులో ఆయన ఓడ దిగాడు. తమకూ ఒక ‘జాతీయ సంగీతం’ కావాలనీ, దాన్ని ఈ చెక్ స్వరకర్త తయారుచేసి ఇస్తాడనీ అమెరికన్ల ఆశ. ఆయనేమో వాళ్ల ఇంట్లోనే ఉన్న నిధిని చూపించాడు. ఆ కన్సర్వేటరీలో నల్లజాతి విద్యార్థులకూ ప్రవేశం ఉండేది. వారిలో హ్యారీ బర్లీ అనే యువకుడు, బానిసత్వంలో పుట్టిన భక్తిగీతాలను ద్వోర్జాక్‌కు పాడి వినిపించేవాడు. 1893 మే నెలలో ద్వోర్జాక్ ఒక న్యూయార్క్ పత్రికకు తన అభిప్రాయం చెప్పాడు: అమెరికా సంగీతానికి పునాది నల్లవారి పాటలే కావాలి. బోస్టన్ సంగీత పెద్దలకు ఆ మాట మింగుడుపడలేదు.

ద్వోర్జాక్‌కు అమెరికా పూర్తిగా అర్థమైందని నేననను. ఆదివాసుల సంగీతమూ నల్లవారి సంగీతమూ దాదాపు ఒకటేనని ఆయన అనేశాడు, అది పొరపాటు. కానీ ఆయన వినడంతో ఆగలేదు, కాగితం మీద పని మొదలుపెట్టాడు. 1893 డిసెంబరు 16న కార్నెగీ హాల్‌లో ‘కొత్త ప్రపంచం నుంచి’ అనే ఆయన తొమ్మిదో సింఫనీ మోగింది. అందులోని రెండో భాగంలో వచ్చే నెమ్మదైన బాణీకి ఆయన శిష్యుడు విలియం ఆర్మ్స్ ఫిషర్ 1922లో మాటలు కూర్చాడు. ఇంటికి పోతున్నానంటూ సాగే ఆ పాటను నల్లవారి పాత భక్తిగీతమనే చాలామంది నమ్మారు. ద్వోర్జాక్ నిజంగా పాత పాటను తీసుకుని ఉంటే ఇంత చిక్కు ఉండేది కాదు. ఆయన కట్టిన బాణీయే పాత పాటగా మారిపోయింది.

అమెరికా నుంచి చెక్ దేశానికి వచ్చిన వాద్యం కథ ఇంకా వింతైనది. చెక్ యువకులకు 1920ల నుంచే ఒక పిచ్చి ఉంది. వారాంతంలో భుజాన సంచి వేసుకుని అడవికి పోవడం, నది ఒడ్డున దుంగలతో గుడిసె కట్టి దానికి అమెరికా పశ్చిమ ప్రాంతాల పేరు పెట్టడం, మంట చుట్టూ కూర్చుని గిటారుతో పాడుకోవడం. దీన్ని వాళ్లు ట్రాంపింగ్ అంటారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా గడ్డ మీద కాలు పెట్టలేదు. కమ్యూనిస్టుల పాలన వచ్చాక పెట్టే వీలూ లేకపోయింది. 1964లో అమెరికన్ జానపద గాయకుడు పీట్ సీగర్ ప్రాగ్‌లో కచేరీ చేశాడు. ఆయన చేతిలోని పొడవాటి మెడ, అయిదు తీగల బాంజో అక్కడివాళ్లకు కొత్త. మార్కో చెర్మాక్ అనే కుర్రాడు ఆ వాద్యం ఫొటోల ఆధారంగా తనే ఒకటి తయారుచేసుకున్నాడు. తర్వాత ఆయన వాయించిన గ్రీన్‌హార్న్స్ బృందం అమెరికా పల్లెపాటలను చెక్ మాటలతో ఇంటింటికీ చేర్చింది. 1968లో సోవియట్ కూటమి సైనిక ఆక్రమణ తర్వాత ఇంగ్లిష్ పేరు ప్రభుత్వానికి గిట్టలేదు. బృందం అదే అర్థమున్న చెక్ మాట ‘జెలెనాచి’ని పేరుగా పెట్టుకుని అవే పాటలు పాడింది. 1970ల మొదట్లో పుట్టిన చెక్ బాంజో ఉత్సవం యూరప్‌లోని ఆ తరహా ఉత్సవాల్లో పాతవాటిలో ఒకటి. ఇప్పుడు చెక్ కార్మికులు చేసిన బాంజోలను అమెరికా వాద్యకారులు కొనుక్కుంటున్నారు.

దీని పక్కన 1990ల ప్రాగ్‌ను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోగానే వేలాది అమెరికన్ యువతీ యువకులు ఆ నగరానికి వెళ్లారు. చవకైన బీరు, అందమైన వంతెనలు, నాటకాలు రాసిన అధ్యక్షుడు. అమెరికన్ రచయితలు గుమిగూడిన 1920ల పారిస్ మళ్లీ పుడుతోందని అక్కడి ఇంగ్లిష్ వారపత్రిక ఊదరగొట్టింది. ప్రతి కాఫీ బల్ల దగ్గరా ఒక నవల మొదలైందట. పూర్తయినవి తక్కువ, నిలిచినవి మరీ తక్కువ. వాళ్లలో చాలామంది చెక్ భాష జోలికే పోలేదు. ఇంగ్లిష్ పాఠాలు చెప్పి అద్దె కట్టుకున్నారు, తమలో తామే తిరిగారు. ఆ పాఠాలు చెక్ పిల్లలకు ఉపయోగపడి ఉంటాయి, కాదనను. నగరం మాత్రం వాళ్లకు తెర మీద బొమ్మలాగే ఉండిపోయింది.

ఇక టెక్సస్. 1850ల నుంచి గాల్వెస్టన్ రేవులో దిగిన చెక్‌లలో అత్యధికులు చెక్ దేశపు తూర్పు ప్రాంతమైన మొరేవియా రైతులు. వాళ్లు వెతుక్కున్న నేల మనకు పరిచయమైనదే: నల్లరేగడి. ఎన్నడూ ఎరగని పత్తి సాగు నేర్చుకున్నారు. ప్రాగ్‌ను తమ భాషలో పిలిచే ‘ప్రాహా’ అన్న పేరు ఒక ఊరికి పెట్టుకున్నారు. బయటికి సాదాగా కనిపించే చర్చిల లోపల గోడలకూ కప్పుకూ రంగుల లతలు చిత్రించుకున్నారు. వాళ్ల అకార్డియన్, పోల్కా నాట్యపు దరువు, జర్మన్ వలసవాసుల సంగీతంతో కలిసి పక్కనున్న మెక్సికన్ల పాటల్లోకి దూరి అక్కడే స్థిరపడ్డాయి.

అన్నిటికన్నా పేరొచ్చింది కొలాచెలకు. గుండ్రటి మెత్తటి రొట్టె, మధ్యలో గుంట, అందులో గసగసాల ముద్దో, ప్లమ్ పండ్ల గుజ్జో, విరిగిన పాల ముద్దో. చెక్ భాషలో ‘కొలాచ్’ ఒకటి, ‘కొలాచె’ అనేకం. అమెరికన్లు దానికి ఇంకో బహువచనం తగిలించి ‘కొలాచెస్’ చేశారు; మనం ‘షూస్‌లు’ అన్నట్టే. 1953లో వెస్ట్ అనే ఊరి బేకరీ ఒకటి అదే పిండిలో సాసేజ్ చుట్టి దానికి ‘క్లోబాస్నెక్’ అని పేరు పెట్టింది. ఇవాళ డాలస్, హ్యూస్టన్ డోనట్ షాపుల్లో కొలాచె అడిగితే చేతికి వచ్చేది ఎక్కువగా అదే. పాత కుటుంబాల పెద్దలు మాంసం పెట్టినదాన్ని కొలాచె అనడానికి ఒప్పుకోరు. ఆఫీసుకు పోతూ దాన్ని కొనుక్కునే మన తెలుగు ఇంజనీర్లకు అది ఒక వలస రైతు పలహారపు మనవరాలని తెలియకపోవచ్చు.

భాష సంగతి ఇంత రుచిగా లేదు. ఊరంతా ఒకే మాట మాట్లాడే పల్లెలు కాబట్టి చెక్ అక్కడ మూడు నాలుగు తరాలు బతికింది. 1924 వలస చట్టం కొత్తవాళ్ల రాకను దాదాపు ఆపేసింది. ఆ తర్వాత బావిలో ఊట లేదు, తోడుకోవడమే. గ్రేంజర్ నుంచి చెక్‌లో వెలువడిన ‘నాషినెత్స్’ పత్రిక 2018లో ఆగిపోయింది. డాలస్ తెలుగువాళ్లు మన భాషకు ఢోకా లేదని చెప్పేటప్పుడు నాకు ఈ ఊట సంగతే గుర్తొస్తుంది. ఏటా కొత్త విమానాలు దిగుతున్నంత కాలం ఏ భాషైనా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మన పరీక్ష ఇంకా మొదలే కాలేదు.

ఈలోగా టెక్సస్ విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు అక్కడి వృద్ధుల చెక్ మాటలను రికార్డు చేసి భద్రపరిచారు. మొరేవియా పల్లెల పాత యాసను వినాలనుకునే చెక్‌లు ఇప్పుడు ఆ టెక్సస్ గొంతుల దగ్గరికి రావాలి.