ధిక్కారానికి వేటు... ఫిరాయింపునకు కండువా!

స్థానిక ఎన్నికల మాట వినబడితే చాలు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కండువాల మార్పిడి ఊపందుకుంటుంది. ఎదుటి పార్టీ అధిష్ఠానాన్ని ధిక్కరించి వచ్చినవారిని ఆత్మాభిమానులని పొగిడి వేదికపై దండలు వేసే నాయకులే, జిల్లా పెద్దల తీరును ప్రశ్నించిన సొంత కార్యకర్తను ద్రోహి అంటూ సస్పెండ్ చేస్తారు. ధిక్కారం ఒకటే అయినా, దానివల్ల ఎవరికి లాభమన్నదాన్ని బట్టి దానికి పేరు మారుతోంది. ఈ ద్వంద్వ నీతిని ఏ ఒక్క పార్టీకో అంటగట్టి చేతులు దులుపుకోలేం. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ అధికారంలో ఒక తీరుగా, ప్రతిపక్షంలో మరో తీరుగా ప్రవర్తించాయి.

2014లో బొబ్బిలి ఓటర్లు వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై గెలిపించిన సుజయకృష్ణ రంగారావు 2016లో తెలుగుదేశంలో చేరి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అదే శాసనసభ్యత్వంతో మంత్రిగా ప్రమాణం చేశారు. పాతపట్నం సభ్యుడు కలమట వెంకటరమణ కూడా అదే దారి పట్టారు. ఆ అయిదేళ్లలో పార్టీ మారిన 23 మందిలో ఒక్కరిపైనా అనర్హత వేటు పడలేదు సరికదా, నలుగురికి మంత్రి పదవులు దక్కాయి. ప్రతిపక్షం సభనే బహిష్కరించినా సభాపతి కార్యాలయంలో అనర్హత పిటిషన్లు కదల్లేదు. చివరకు 2019లో బొబ్బిలి, పాతపట్నం ఓటర్లు ఆ ఇద్దరినీ ఓడించి, సభాపతి ఇవ్వని తీర్పును తామే ఇచ్చారు.

ఆ తీర్పుతో అధికారంలోకి వచ్చినవారైనా నేర్చుకున్నదేమీ లేదు. 2019 జూన్‌లో ఆమదాలవలస సభ్యుడు తమ్మినేని సీతారాం సభాపతి పీఠం అధిష్ఠించిన రోజున, పార్టీ మారేవారు ఎవరైనా పదవికి రాజీనామా చేసి రావాల్సిందేనని నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి నిండు సభలో చెప్పారు. శ్రీకాకుళం జిల్లాకు ఆ పీఠం దక్కినందుకే కాక, ఆ మాట విన్నందుకు కూడా సిక్కోలు జనం సంతోషించారు. ఏడాదిన్నర తిరగకుండానే తెలుగుదేశం సభ్యులు ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు అధికార పక్షం చెంతకు చేరారు. విశాఖ దక్షిణ సభ్యుడు 2020లో తన కుమారులకు కండువాలు కప్పించి తాను పక్కన నిలబడ్డారు. తండ్రి మెడలో కండువా లేదు గనుక ఫిరాయింపు కాదని సమర్థించుకునే స్థాయికి మన రాజకీయం దిగజారింది. ఆ పిటిషన్లు ఏళ్ల తరబడి నానాయి. 2023 ఎమ్మెల్సీ ఎన్నికలో అడ్డం తిరిగారంటూ సొంత సభ్యులు నలుగురిని వైఎస్సార్ కాంగ్రెస్ సస్పెండ్ చేసిన తర్వాతే ఫైళ్లకు చలనం వచ్చింది. 2024 ఫిబ్రవరిలో, శాసనసభ ఎన్నికల ముంగిట, రెండు పార్టీలకు చెందిన ఎనిమిది మందిపై ఒకేసారి వేటు వేశారు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా తెలుగుదేశం సభ్యుడు గంటా శ్రీనివాసరావు 2021లో ఇచ్చిన రాజీనామానైతే దాదాపు మూడేళ్లు అట్టే పెట్టి 2024 జనవరిలో ఆమోదించారు. పదవిని వదులుకుంటానన్నవారిని వదలకుండా, గోడ దూకినవారిని కదపకుండా కాపాడటం ఏ రాజ్యాంగ సంప్రదాయమో ఆ పీఠంపై కూర్చున్నవారే చెప్పాలి.

విజయనగరం జిల్లా అనుభవం మరీ చేదు. స్థానిక సంస్థల కోటాలో ఎన్నికైన వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్సీ ఇందుకూరి రఘురాజు పార్టీకి వ్యతిరేకంగా వ్యవహరించారన్న ఫిర్యాదుపై శాసనమండలి అధ్యక్షుడు 2024 జూన్ 3న, అంటే సార్వత్రిక ఎన్నికల ఓట్ల లెక్కింపునకు సరిగ్గా ఒక రోజు ముందు, అనర్హత వేటు వేశారు. ఖాళీ ఏర్పడిందని నవంబరులో ఉప ఎన్నికకు షెడ్యూలు వచ్చింది, పార్టీలు అభ్యర్థుల వేటలో పడ్డాయి. ఆయన వాదన సక్రమంగా వినలేదంటూ హైకోర్టు ఆ వేటును కొట్టివేయడంతో ఉప ఎన్నికే రద్దయింది. అంత వేగంగా కదిలిన అదే మండలిలో, వైఎస్సార్ కాంగ్రెస్‌ను వీడి రాజీనామా చేసిన ఎమ్మెల్సీల లేఖలు నెలల తరబడి ఆమోదానికి నోచుకోలేదు. ఒకే పీఠం నుంచి ఒకరికి ఇంత తొందర, మరొకరికి ఇంత జాప్యం ఎందుకో జిల్లాలో ఏ ఎంపీటీసీని అడిగినా చెబుతారు.

ఓటరు గుర్తును చూసి ఓటేస్తాడు గనుక పార్టీ క్రమశిక్షణ ఉండి తీరాలని, లేకుంటే ప్రభుత్వాలు నిలబడవని వాదించేవారున్నారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టే 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా ఫిరాయింపులను నిరోధించే పదో షెడ్యూలు వచ్చింది. మూడింట ఒక వంతు చీలికను అనుమతించిన వెసులుబాటును 2003లో 91వ సవరణ తొలగించింది. అయినా మూకుమ్మడిగా మూడింట రెండు వంతుల మంది వెళ్తే విలీనమంటూ తప్పించుకునే దారి మిగిలే ఉంది. మనస్సాక్షి మేరకు ఒక బిల్లుపై విప్‌కు, అంటే ఎలా ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేసిన ఒంటరి సభ్యుడికి ఆ దారి కూడా లేదు. అంతకంటే పెద్ద లోపం, తీర్పు చెప్పే అధికారం సభాపతికే ఉండటం. ఆయన ఏ పార్టీ టికెట్‌పై గెలిచారో ఆ పార్టీ ప్రయోజనమే ఫైలు వేగాన్ని నిర్ణయిస్తోందని పై ఉదంతాలన్నీ చెబుతున్నాయి.

పార్టీని ఎదిరించడం ఈ నేలకు కొత్త కాదు, తప్పు అంతకన్నా కాదు. బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న కాంగ్రెస్‌తో విభేదించి, రైతు నాయకుడు ఎన్.జి. రంగా వెంట కృషికార్ లోక్ పార్టీలోనూ, ఆపై స్వతంత్ర పార్టీలోనూ నడిచారు. 1967లో తాను గెలిచిన శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని వదులుకుని, ఓడిపోయిన రంగాను ఉప ఎన్నికలో అక్కడినుంచే గెలిపించుకున్నారు. 1989లో తెలుగుదేశం టికెట్ దక్కని ఎర్రన్నాయుడు హరిశ్చంద్రపురంలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచి, తన బలమేమిటో పార్టీకి చూపారు. వారి రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఒక్కటి ఒప్పుకోవాలి. ధిక్కరించిన తర్వాత వారు వెళ్లింది ఓటరు దగ్గరకు. ఇప్పటి ధిక్కారవాదులు వెళ్తున్నది ముఖ్యమంత్రి నివాసానికి, అదీ ఓటరిచ్చిన పదవిని జేబులో పెట్టుకుని.

సొంత ప్రభుత్వాన్ని నాలుగేళ్లు విమర్శించిన నాటి వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ రఘురామకృష్ణరాజుపై 2021లో అదే ప్రభుత్వం రాజద్రోహం కేసు పెట్టి అరెస్టు చేసింది. నేడు ఆయన ఉప సభాపతి. నర్సీపట్నం సభ్యుడు అయ్యన్నపాత్రుడు సభాపతి. అసమ్మతి గొంతు నొక్కితే ఎలా ఉంటుందో ఒకరు అనుభవించారు, ఫిరాయింపుల నొప్పి ఏమిటో మరొకరి పార్టీ అనుభవించింది. ఎదుటి పార్టీ సభ్యుడు రేపు తమవైపు వచ్చినప్పుడు కూడా పిటిషన్‌పై గడువులోగా నిర్ణయం తీసుకుంటామని వారిద్దరూ ఇప్పుడే చెప్పాలి. గడువు ఎంతన్నది కొత్తగా తేల్చనక్కర్లేదు. మణిపూర్ ఫిరాయింపు కేసులో 2020లో సుప్రీంకోర్టు మూడు నెలలని చెప్పింది. పార్టీ మారిన తెలంగాణ ఎమ్మెల్యేల వ్యవహారంలో 2025 జులై 31న మళ్లీ మూడు నెలలే ఇచ్చింది, అసలు ఈ అధికారం సభాపతుల చేతిలో ఉండవచ్చునా అన్నది ఆలోచించమని పార్లమెంటుకు సూచించింది. ఇదే సభలో రెండుసార్లు అన్యాయం జరిగిందని రెండు పార్టీలూ మొరపెట్టుకున్నాయి గదా, ఆ అధికారాన్ని స్వతంత్ర ట్రైబ్యునల్‌కు అప్పగించాలని ఉమ్మడిగా తీర్మానం చేయడానికి అడ్డమేమిటి?

అంతవరకు ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా ప్రతి నియోజకవర్గ ఇన్‌చార్జీ, రాజీనామా పత్రం ఆమోదం పొందనిదే ఎన్నికైన ఏ ప్రతినిధికీ, ఎంపీటీసీ మొదలు ఎమ్మెల్సీ వరకు, తమ వేదికపై కండువా కప్పబోమని రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ మాత్రం చేయలేనివారు పార్టీ నిష్ఠ గురించి కార్యకర్తలకు పాఠాలు చెప్పడం మానుకోవాలి.