జ్వరం లేదు కదా అని ఆగొద్దు

తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పుట్టిన బిడ్డకు జ్వరం లేకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టేనట. అనుమానమొస్తే ఒక్క సీఆర్‌పీ పరీక్షతో (ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్‌ను కొలిచేది) తేలిపోతుందట. అది నార్మల్‌గా ఉన్నా యాంటీబయాటిక్ ఇస్తే బిల్లు కోసమేనట. కల్చర్‌లో, అంటే రక్తాన్ని ల్యాబ్‌లో ఉంచి సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షలో, ఏమీ రాకపోతే అసలు జబ్బే లేదట.

అన్నిటికన్నా ప్రమాదం మొదటి మాట. పసికందుకు, అందులోనూ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, సూక్ష్మజీవులు సోకితే చాలాసార్లు ఒళ్లు కాలదు, చల్లబడుతుంది. నిన్నటిదాకా గుటకలేస్తూ తాగిన బిడ్డ ఇవాళ నాలుగు గుక్కలు చప్పరించి వదిలేస్తుంది. అరికాలు తట్టినా సరిగ్గా ఏడవదు. "బంగారు తల్లి, ఎంత బాగా నిద్రపోతోందో" అని ఇంట్లోవాళ్లు మురిసిపోయేది సరిగ్గా అప్పుడే. బిడ్డ ఏడవనప్పుడు చొక్కా పైకెత్తి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండుసార్లు లెక్కపెట్టినా 60, అంతకు మించి వస్తే, లేదా డొక్కలు ఎగరేస్తుంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. చంకలో థర్మామీటర్ 35.5 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చూపినా అంతే. జ్వరముంటే ఎలాగూ వెళ్లాల్సిందే. 1990లలో మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లెల్లోని మహిళలకు ఇలాంటి లక్షణాలు గుర్తుపట్టడమే నేర్పారు. ల్యాబ్ లేదు. ఇంటి దగ్గర సంరక్షణ, అవసరమైతే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. 1999లో వెలువడిన ఫలితాల ప్రకారం అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం దాకా తగ్గాయి.

ఇక సీఆర్‌పీ. అది రక్తంలో పెరగడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది. అంటే, జబ్బు మొదలైన తొలి గంటల్లో రిపోర్టు నార్మల్‌గానే రావచ్చు. కాన్పు కష్టమైతే ఇన్ఫెక్షన్ లేకపోయినా పెరుగుతుంది. అందుకే మర్నాడు మళ్లీ చేస్తారు. రెండోసారీ నార్మల్ వస్తే, అనుమానంతో మొదలుపెట్టిన యాంటీబయాటిక్ ఆపడానికి డాక్టరుకు ధైర్యం వస్తుంది.

బిల్లు మాటలో కొంత నిజముంది. అక్కర్లేని యాంటీబయాటిక్‌లు వాడేవాళ్లు లేకపోలేదు. అలా వాడితే సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా తయారవుతాయి. ఢిల్లీలోని 3 ఆస్పత్రుల్లో 2011–14 మధ్య జరిగిన అధ్యయనంలో పసిపిల్లల ఐసీయూల్లో మందులకు లొంగని అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలు బాగా కనిపించాయి. కానీ అనుమానంతో మందు మొదలుపెట్టడం వేరు, కారణం లేకుండా వారం రోజులు సాగదీయడం వేరు.

ఇక కల్చర్ మాట. అదే అధ్యయనంలో సెప్సిస్‌గా (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) నిర్ధారించిన కేసుల్లో కల్చర్ పాజిటివ్ వచ్చినవి సగం కన్నా తక్కువ. బిడ్డ నుంచి తీయగలిగేదే ఒక మిల్లీలీటరు రక్తం, అందులో సూక్ష్మజీవి దొరకకపోవచ్చు.

డాక్టరును అడగాల్సినవి రెండే: మొదటి డోసుకు ముందే కల్చర్‌కి రక్తం తీశారా? 48 గంటలకు కల్చర్‌లో ఏమీ రాక, బిడ్డ చురుగ్గా ఉంటే మందు ఆపేస్తారా?